తంగేడు పూల పళ్లెం

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు వరుసగా నడుస్తుంటే చూడటానికి జనం గోడలెక్కేవారు. ఈ మాట చెబితే మా మనవరాళ్లు నమ్మరు. వాళ్లకు బడిలో కవాతు అంటే విసుగు, ఎండలో నిలబెడతారని సణుగుడు. మాకు మాత్రం అది ఒక వానాకాలమంతా ఏడిపించి, నవ్వించి, చివరికి తలెత్తుకు తిరిగేలా చేసిన వ్యవహారం. నా చదువు నిలబడిందంటే ఆ కవాతు వల్లే. నిజం చెప్పాలంటే కవాతు కన్నా కూడా ఒక పళ్లెంలో పెట్టిన తంగేడు పూల వల్ల.

మాది పెద్దపల్లి దగ్గరి ఒక చిన్న ఊరు. పొద్దున్నే ఎడ్లబండి కడితే ఎండ ముదిరేలోపు పెద్దపల్లి చేరేవాళ్లం. మా వాడంతా నేతపని వాళ్ల ఇళ్లే. ఏ ఇంటి ముందు నిలబడినా మగ్గం చప్పుడు వినబడేది. నిజాం రాజ్యం పోయి కొన్నేళ్లే అయింది. ఉర్దూ చదువు పోయి తెలుగు చదువు వచ్చింది, ఆడపిల్లలకంటూ వేరే బడి పెట్టారు. బడి అంటే రెండు గదులు, ముందు పెద్ద ఖాళీ జాగా. ఆ జాగాలో పొద్దంతా మేకలు, సాయంత్రం మేము.

మగ్గం ఉన్న ఇంట్లో ఆడపిల్ల ఊరికే కూచోదు. చేతికి కాస్త పట్టు చిక్కగానే రాట్నం ముందు కూచుని కండెలు చుట్టాలి. నేసేటప్పుడు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న చిన్న నూలు చుట్టలే కండెలు. అవి అందకపోతే మగ్గం ఆగిపోతుంది. నేను బడికి పోయినన్నాళ్లూ ఆ పని అవ్వ మీద, అంటే మా అమ్మ మీద పడింది. ఆమె పొయ్యి మీద అన్నం పెట్టి రాట్నం దగ్గరికి, రాట్నం వదిలి పొయ్యి దగ్గరికి తిరుగుతూ అలసిపోయేది. మా నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన అది చూస్తూనే ఉన్నాడు. అందుకే ఆ ఏడు బడి తెరిచిన రోజే నాతో తేల్చి చెప్పేశాడు.

"దసరా దాంక పో బిడ్డా. ఆ తర్వాత సాలు. కండెలు ఎవలు సుట్టాలె, మీ అవ్వ ఎన్నని జేస్తది?"

మా బాపు కోపిష్టి కాదు. కోప్పడి ఉంటే ఏడ్చి సాధించుకునేదాన్ని, ఆ విద్యలో నాకు మంచి పేరే ఉంది. ఆయన మెత్తగా, నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పాడు. పైగా అందులో అబద్ధం ఏమీ లేదు. దసరా దాకా ఎలాగూ ఉంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని బడికి పోయాను. లోపల మాత్రం గుబులు పట్టుకుంది.

ఆ ఏడే మా బడికి కొత్త పంతులమ్మ వచ్చింది. మిషన్ చర్చికి పోయే కుటుంబం. మా పక్క ఊరే. వాళ్ల నాయన పొలం పనులు చేసుకుంటూ, కూతురిని హాస్టల్లో పెట్టి చదివించాడు. ఆమెకు వయసు మా పెద్దక్కల వయసే ఉంటుంది. తెల్ల చీర, చేతికి గడియారం, నడక మాత్రం పరుగు లాంటిది. వచ్చీ రాగానే ఆడపిల్లల గైడ్స్ దళం పెడతానంది. బడి అయ్యాక కాసేపు ఉండాలి, నేర్పింది నేర్చుకోవాలి, దసరా సెలవులకు ముందు పెద్దపల్లిలో చుట్టుపక్కల జిల్లాల దళాలన్నీ కలుస్తాయి, అక్కడికి పోయి అందరి ముందు కవాతు చేయాలి అని చెప్పింది. దళం అంటే ఏమిటో మాకు అర్థం కాలేదు. పెద్దపల్లి పోతామన్నది అర్థమైంది. అందరం చేతులెత్తాం.

ఆ వానాకాలం ఏమేం నేర్చుకున్నామో తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ముందుగా తాడుకు ముళ్లు వేయడం. తెగిన పోగును కంటికి కనబడకుండా అతికే ఇళ్ల పిల్లలం, మాకు ముళ్లు నేర్పేదేమిటని ఎగిరాం. తీరా పోగుకు వేసే ముడి బొక్కెన తాడుకు వేస్తే నిలవలేదు. బొక్కెన బావిలో పడింది, మేం ఇళ్లలో చీవాట్లు తిన్నాం. తర్వాత దెబ్బలకు కట్లు కట్టడం నేర్పింది. కొన్నాళ్ల పాటు మా వాడలో కాలికి కట్టు లేని మేక కనబడలేదు. రెండు కర్రలకు దుప్పటి చుట్టి జబ్బు మనిషిని మోసుకుపోవడం నేర్పింది. పడుకోవడానికి మాలో అందరికన్నా బరువైన పిల్ల ఎగబడేది, మోయడానికి మాత్రం ఎవరూ దొరికేవారు కాదు. తడి పుల్లలతో పొయ్యి రాజేసి అందరికీ జొన్న గటక వండటం నేర్పింది. ఎవరింటి పిల్ల వండితే ఎవరు తింటారని కొన్ని ఇళ్లలో గొణిగారు. గటక ఉడికే వాసనకు మాకు ఆ గొణుగుడు చెవికెక్కలేదు, అందరం ఒకే కుండలోంచి తిన్నాం.

ఇవన్నీ వచ్చాయి. కవాతు ఒక్కటే రాలేదు.

కవాతు నేర్పడానికి పంతులమ్మ, పటాలంలో పనిచేసి వచ్చిన ఒక ముసలాయనను బతిమాలి తెచ్చింది. ఊరంతా ఆయనను ఉస్తాద్ అని పిలిచేది. ఆయన మమ్మల్ని ఖాళీ జాగాకు ఈ చివర వరుసలో నిలబెట్టి ఆ చివర గోడ దాకా నడవమన్నాడు. మాలో పొడుగుదాన్ని కనుక నన్ను అందరికన్నా ముందు పెట్టాడు. నడిచాం. చేతులు బాగానే ఊపాం, అడుగు కూడా కలిసింది. సగం దూరం పోయేసరికి వరుస కొంచెం ఒక పక్కకు వాలింది. ఇంకాస్త పోయేసరికి కొడవలిలా వంగింది. చివరికి నా ముందు ఎవరిదో వీపు కనబడింది. నేనే మొదటిదాన్ని కదా, నా ముందుకు ఎవరు వచ్చారని చూస్తే అది వరుసలో చివరి పిల్ల. మేం గుండ్రంగా తిరుగుతున్నాం.

గోడల మీది జనం పడీ పడీ నవ్వారు. కవాతు చేస్తున్నారా బతుకమ్మ ఆడుతున్నారా అని ఎవరో అరిచారు. వాళ్లు వెక్కిరించడానికే అన్నా, జరిగింది అదే. నడక వచ్చిన నాటి నుంచి ఏటేటా బతుకమ్మ చుట్టూ తిరిగిన కాళ్లు మావి. నలుగురు ఆడపిల్లలం కలిసి ఒకే అడుగు వేశామా, ఆ కాళ్లకు తెలిసిన దారి ఒక్కటే. మేం తిన్నగా పోవాలనే అనుకునేవాళ్లం, కాళ్లు వాటి దారిన అవి పోయేవి.

ఉస్తాద్ చేయని ప్రయత్నం లేదు. నేల మీద ముగ్గుతో గీత గీశాడు. గీత చూస్తూ తలలు వంచి నడిచి ఒకరినొకరు గుద్దుకున్నాం. అందరి చేతికీ ఒకే తాడు ఇచ్చాడు. తాడుతో సహా గుండ్రంగా తిరిగాం. చివరికి ఆయన తన కర్ర చంకలో పెట్టుకుని, "గీ పోరిలు సీదా నడువరు పంతులమ్మా. నాతోని గాదు," అని ఇంటికి వెళ్లిపోయాడు. మంచివాడే పాపం. పటాలంలో ఆయనకు బతుకమ్మ ఆడిన సిపాయిలు తగిలి ఉండరు.

మా నగుబాటు ఊరంతా తెలిసింది, బాపుకూ తెలిసింది. అన్నం తింటూ, "గోడలెక్కి నవ్వుతున్నరంట గదా," అన్నాడు. అందులో ఎగతాళి లేదు, నా మీద జాలి ఉంది. "తియ్యి, దసరా రానే వచ్చె," అన్నాడు. ఆ జాలి నాకు నచ్చలేదు. మర్నాడు బడి వెనక కూచుని ఏడుస్తుంటే పంతులమ్మ చూసింది. కండెల సంగతి, దసరా గడువు సంగతి అన్నీ చెప్పేశాను. ఆమె ఓదార్చలేదు, మా బాపును ఒక్క మాట అనలేదు. నేను దళంలో నడవడం బాపు ఎప్పుడైనా చూశాడా అని అడిగింది. లేదన్నాను. మగ్గం గుంటలోంచి ఆయన లేచేదెప్పుడు, బడి దాకా వచ్చేదెప్పుడు.

"చూడకుండ ఎట్ల తెలుస్తది," అంది, నాతో కాకుండా తనతో తాను అన్నట్టు.

మర్నాడు సాయంత్రం ఆమె ఇత్తడి పళ్లెం నిండా తంగేడు పూలు తెచ్చింది. పండుగ దగ్గర పడింది కనుక గుట్టల మీద తంగేడు పచ్చగా విరగబూసి ఉంది. పళ్లెం మా మధ్యలో పెట్టి, ఇవాళ కవాతు లేదు, బతుకమ్మ ఆడండి అంది. ఆ మాట చాలు. చప్పట్లు చరుస్తూ, వంగుతూ లేస్తూ హాయిగా తిరిగాం. ఆమె మాతో ఆడలేదు. మెట్టు మీద కూచుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ ఉంది. కాసేపటికి ఆపమని, ఆడేటప్పుడు మీరు ఎటు చూస్తున్నారు అని అడిగింది. ఒకరు కాళ్ల వైపన్నారు, ఒకరు ముందున్న పిల్ల వైపన్నారు.

అప్పుడు తన చిన్ననాటి మాట ఒకటి చెప్పింది. వాళ్ల ఊళ్లో బతుకమ్మ ఆడుతుంటే ఆమె దూరంగా నిలబడి చూసేదట. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా ఎవరూ పిలవలేదు. ఏటేటా అలా నిలబడి చూసి చూసి ఆమెకు ఒకటి తెలిసింది. "ఆడెటోళ్లు కాళ్లు చూసుకోరు, ముందటి మనిషిని చూడరు. అందరి కండ్లు నడుమ ఉన్న పూల మీదనే ఉంటయి. కండ్లు యాడుంటే కాళ్లు దాని చుట్టే తిరుగుతయి," అంది. కవాతులో కూడా మేం పక్కకు చూస్తూనే ఉన్నామట, అక్కడ పూలు లేకపోయినా. మా కాళ్ల తప్పేమీ లేదంది.

అని, ఆ పళ్లెం తీసుకుని జాగా ఆ చివరికి నడిచిపోయి గోడ ముందు స్టూలు మీద పెట్టింది. మీ బతుకమ్మ ఇప్పుడు అక్కడుంది, పోండి అంది. మేం పోయాం. పసుపు పచ్చని ఆ పూల మీంచి చూపు తిప్పకుండా పోయాం. గోడ తగిలేదాకా మాకు తెలియలేదు, తిన్నగా వచ్చామని. వెనక్కి తిరిగి చూసుకుని ఒకరినొకరు గిచ్చుకున్నాం. తర్వాత మాట్లాడటం ఆపలేదు. గోడల మీది వాళ్లు ఇక నవ్వడానికేమీ లేక ఒక్కొక్కరే దిగిపోయారు.

ఒక్క చిక్కు మిగిలింది. పెద్దపల్లిలో అతిథులు ఒక పక్కన కూచుంటారు. వాళ్ల ముందు నుంచి పోయేటప్పుడు తలలు అటు తిప్పి సలాం చేయాలి. తల తిరిగితే వరుస కూడా అటే తిరుగుతుంది, అతిథుల కుర్చీల చుట్టూ బతుకమ్మ ఆడినట్టే అవుతుంది. దీనికి పంతులమ్మ నన్ను పట్టుకుంది. వరుసలో మొదటి పిల్ల తల తిప్పనక్కర్లేదట, ఎక్కడైనా అదే పద్ధతట. అందరూ అటు చూసినా నువ్వు పూలు వదలొద్దు, నువ్వు తిన్నగా పోతే నీ వెనక వాళ్లు తిన్నగా వస్తారు అని నాతో ఒకటికి పదిసార్లు చెప్పింది.

ఆ రోజు రానే వచ్చింది. బాపు తాను నేసిన చీరల మూట పెద్దపల్లిలో షావుకారుకు ఇచ్చేది ఉండి మా బండిలోనే వచ్చాడు. దారి పొడవునా మేం చేసిన గోలకు నవ్వుతూనే ఉన్నాడు. మైదానం దగ్గర మమ్మల్ని దింపి, తాను బజారుకు పోతానని, బండి కట్టే వేళకు వస్తానని చెప్పాడు. ఉంటావా బాపూ అని అడగాలని నోటి దాకా వచ్చింది. అడగలేదు. కాదంటే ఆ కాదన్న మాట మోసుకుని నడవాలి కదా.

మైదానం మా బడి జాగాకు ఎన్నో రెట్లు పెద్దది. కరీంనగర్ పిల్లలు బూట్లు వేసుకుని వచ్చారు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన పిల్లలు వాళ్లలో వాళ్లు మరాఠీలో మాట్లాడుకుంటూ, ఈలలు ఊదుకుంటూ తిరుగుతున్నారు. మేం ఉతికిన లంగాలు, ఉత్త కాళ్లు. మా వంతు వచ్చింది. నేను ముందు నిలబడి ఆ చివరకు చూశాను. పంతులమ్మ పెడతానన్న స్టూలు లేదు. పంతులమ్మ కోసం అటూ ఇటూ చూస్తే ఆమె కూడా కనబడలేదు. అంతలో దుమ్ము కొంచెం తగ్గింది. మైదానం ఆ కొసన ఎర్ర రుమాలు చుట్టుకున్న మనిషి ఒకడు పసుపు పచ్చగా ఏదో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా బాపు. ఆయన చేతుల్లో తంగేడు పూల పళ్లెం.

అది ఎలా జరిగిందో తర్వాత తెలిసింది. బాపు మూట భుజాన వేసుకుని బయలుదేరుతుంటే పంతులమ్మ ఎదురుపోయి, "అన్నా, గీ పళ్లెం జర పట్టుకోండ్రి, గిప్పుడే వస్త," అని ఆయన చేతిలో పెట్టి, అక్కడ నిలబెట్టి, మాయమైంది. బతుకమ్మకు తెచ్చిన పూలు. పదిమంది తొక్కే నేల మీద ఎలా పెడతాడు. అక్కడ స్టూలు లేదు, అరుగు లేదు, అందుకునే మనిషి లేదు. మూట పక్కన పడేశాడు కానీ పళ్లెం దించలేకపోయాడు. ఆ సంగతి పంతులమ్మకు ముందే తెలుసు. మా వాళ్లు ఏది దించగలరో ఏది దించలేరో దూరంగా నిలబడి చూసిన ఆమెకే బాగా తెలుసు.

నడిచాం. మొదట్లో బాపు ఇబ్బందిగా అటూ ఇటూ చూస్తున్నాడు, పళ్లెం ఎవరికైనా ఇచ్చి పోదామని. పక్కన నిలబడిన మగవాళ్లు ఆయనను చూసి నవ్వుకుంటున్నారు. అప్పుడు నన్ను చూశాడు. తన వైపే వస్తున్నానని, తన చేతుల్లోని పూల మీంచి కన్ను తిప్పడం లేదని ఆయనకు తెలిసినట్టుంది. నడుము దగ్గర ఉన్న పళ్లెం గుండె దాకా ఎత్తాడు. అతిథుల కుర్చీలు దగ్గరపడ్డాయి. సలాం అని కేక వేశాను. నా వెనక అందరి తలలూ అటు తిరిగాయి. నా మెడ కూడా అటే లాగింది. వెనక వరుస వంగుతోందో లేదో చూసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. బాపు పళ్లెం ఇంకా పైకి, తన తలకన్నా పైకి ఎత్తాడు, నాకు కనబడాలని. అక్కడి నుంచి ఇక నేను భయపడలేదు. ఇంత జీవితంలో అంత ధైర్యంగా మళ్లీ ఎప్పుడు నడిచానో గుర్తు లేదు.

ఆయన ముందుకు పోయి ఆగి, అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. మైదానం ఈ కొస నుంచి ఆ మధ్య దాకా మా వాళ్లందరూ ఒక్క గీతలో ఉన్నారు. చప్పట్లు ఎప్పుడు మొదలయ్యాయో నేను వినలేదు. బాపు మాత్రం అతిథులను చూడలేదు, చప్పట్లు కొట్టేవాళ్లను చూడలేదు. ఆ వరుసనే చూస్తున్నాడు. మా వాడలో పడుగు సాపేటప్పుడు వీధి పొడవునా పోగులు లాగి, ఎక్కడైనా వంకర ఉందేమోనని ఒంటికన్ను పెట్టి చూస్తారు. అదే చూపు.

"పడుగు సాపినట్టు అచ్చిన్రు బిడ్డా," అన్నాడు.

అంతకన్నా పెద్ద మెప్పు మా ఇళ్లలో లేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, చేతులు ఖాళీ లేక తుడుచుకోలేదు.

ఆ రోజు మా దళాన్ని ముందుకు పిలిచి అందరికన్నా చక్కగా నడిచిన దళమని చెప్పి జెండా ఇచ్చారు. బూట్లు లేని పిల్లలు ఇంత బాగా ఎలా నడిచారని అతిథుల్లో ఒక పెద్దమ్మగారు పంతులమ్మను అడిగారు. పంతులమ్మ బాపు చేతిలోంచి పళ్లెం తీసుకుని మైదానం నడిమధ్యలో, జెండా గద్దె మీద పెట్టింది. చెప్పాల్సిన పని లేకపోయింది. మేం పరుగెత్తాం, మా వెనక కరీంనగర్ పిల్లలు బూట్లు విప్పి పరుగెత్తారు. అంత పెద్ద బతుకమ్మ అప్పటిదాకా నేను ఆడలేదు. పంతులమ్మను చెయ్యి పట్టి లాగాం. ఈసారి ఆమె వచ్చింది. మాకు తిన్నగా నడవడం నేర్పిన మనిషికి గుండ్రంగా తిరగడం రాలేదు. రెండు చప్పట్లకొకసారి వలయం దాటి బయటికి పోయేది. పూలు చూడండి పంతులమ్మా అని మేం అరిచాం. ఆమె నవ్వి నవ్వి ఆయాసపడింది.

షావుకారు దుకాణం కట్టేసే వేళయిందని బాపుకు గుర్తే లేదు. చీరల మూట మా బండిలోనే తిరిగి వచ్చింది. మర్నాడు పొద్దున నేను లేచి చూస్తే బాపు రాట్నం ముందు కూచుని కండెలు చుడుతున్నాడు. నేసే మగవాడు రాట్నం ముందు కూచోవడం మా వాడలో ఎవరూ చూసి ఎరుగరు. అవ్వ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆయన తలెత్తకుండా, "దసరా సెలవులు అయినంక నువ్వు బడికి పో. గీ పని నాకు అస్తది," అన్నాడు. నిజానికి ఆయనకు సరిగ్గా రాదు. వదులుగా చుట్టేవాడు. అవ్వ దొంగచాటుగా వాటిని మళ్లీ చుట్టేది. అలా చుట్టిన కండెలతోనే నా చదువు సాగింది.

నేనూ పంతులమ్మనే అయ్యాను. ఎన్నో ఊళ్లలో పనిచేశాను. దారి తప్పుతున్న పిల్లలను చూసినప్పుడు నేను వాళ్ల కాళ్ల జోలికి పోలేదు. వీళ్ల చూపు ఎక్కడుంది, అక్కడ ఏం పెట్టవచ్చు అని మాత్రమే వెతికాను. ఆ పళ్లెం పట్టుకుని నిలబడేవాళ్లు వాళ్ల ఇంట్లో ఎవరో కూడా వెతికాను. చాలాసార్లు దొరికారు.

పోయినేడు నాకు మోకాలికి ఆపరేషన్ అయింది. నడక నేర్పడానికి వచ్చిన పిల్లవాడు, "కాళ్ల వంక చూడకండి అమ్మమ్మా, ఎదురుగా చూసి నడవండి," అన్నాడు. ఆ సంగతి నాకు నువ్వు పుట్టకముందే తెలుసులే అన్నాను. మనవరాలిని పంపి తంగేడు పూలు తెప్పించి, వరండా ఆ చివర స్టూలు మీద పళ్లెంలో పెట్టించాను. రోజూ పొద్దున కర్ర పట్టుకుని లేచి అటు నడుస్తాను. కొంచెం దూరం పోయాక స్టూలు కనబడదు, ఎర్ర రుమాలు కనబడుతుంది. పళ్లెం దించడానికి చోటు లేక ఇంకా అలాగే పట్టుకుని నిలబడి ఉంటాడు మా బాపు. ఆయన చేతులు నొప్పి పుట్టకముందే చేరాలని నడుస్తాను.